పాసింజరుబండిలో సైకిలు

గుంటూరు నుండి తెనాలి మీదుగా రేపల్లెకు పోవు పాసింజరుబండి భట్టిప్రోలులో నిలుచు కాలము ఒకటి రెండు నిమిషములకు మించదు. సుమారు నలుబది యేండ్ల క్రిందట మా నాయనగారితో ఆ స్టేషనులో దిగినప్పుడు, ఆ కొద్దిపాటి వ్యవధిలోనే మేము మా పెట్టె నుండి బండి చివరనున్న గార్డు పెట్టె వఱకు పరుగెత్తవలసి వచ్చెను. ఏలయన గుంటూరులో కొన్న పాతసైకిలు ఒకటి అందులో మాతోపాటు ప్రయాణము చేయుచుండెను. గార్డు పెట్టె ఫ్లాటుఫారమునకు అవతల, కంకరమీద నిలిచినది. గార్డుగారు జెండాలు రెండును చంక క్రింద ఇఱికించుకొని, తామే వెనుకచక్రమును పట్టి సైకిలును క్రిందికి జార్చగా, మా నాయనగారు కంకరలో మోకాలూని ముందుచక్రము నందుకొనిరి. హ్యాండిలును త్రిప్పి చట్రముతో సమముగా బిగించియుండిరి. పెడళ్లు ఊడదీసి గుడ్డలో చుట్టి క్యారియరుకు కట్టియుండిరి. చుట్టిన గోనెపట్టాకు కుట్టిన గుడ్డపేలికమీద నల్లసిరాతో ఊరిపేరు వ్రాసియుండెను. బండి కదలిపోయిన పిమ్మట ఆ పురికొసల ముడులు విప్పి, పెడళ్లు బిగించుటకు మాకు అరగంట పట్టెను. కాని ఆ తరువాత స్టేషను నుండి మా పల్లెకు గల నాలుగు మైళ్లు మాకు మునుపటివలె నాలుగు మైళ్లు కాలేదు.

సైకిలును రైలులో తీసికొనిపోవుటను గూర్చి ఆలోచించినపుడెల్ల ఆ గోనెపట్టాయు, ఆ ఒక్క నిమిషమును నా కన్నులకు గట్టుచుండును. ఈ విషయమును మనవారు సామాన్యముగా రెండు విధముల తోసిపుచ్చెదరు: ఇది దేశాటనప్రియులగు యువకుల వేడుక యని కొందఱు, పార్సిలాఫీసు గుమాస్తా తేల్చవలసిన తూకపు లెక్క యని కొందఱు. రెండును సరికావని నా యభిప్రాయము. ఇంటికిని స్టేషనుకును నడుమ గల దూరమే మన పాసింజరుబండికి పుట్టుకతో వచ్చిన లోపము. ఆ బండి పల్లెల ప్రక్కనుండి పోవునే కాని పల్లెలలోనికి పోజాలదు. నడచి వచ్చువాడు అరగంటలో రెండు కిలోమీటర్లు రాగలిగిన, సైకిలు త్రొక్కువాడు అదే అరగంటలో ఆఱు కిలోమీటర్లు రాగలడు. దూరము మూడింతలయినచో స్టేషను చుట్టును గీచిన వలయములోని నేల తొమ్మిదింతలగును. అనగా మునుపు స్టేషనుకు అందని పల్లెలెన్నియో అందుబాటులోనికి వచ్చును. అయితే ఎక్కు చోట మాత్రమే సైకిలుండి దిగు చోట లేకున్నచో ఈ లాభము సగమై పోవును. 2011 జనాభా లెక్కలలో మన దేశమున నూటికి 44.8 కుటుంబములకు సైకిలున్నట్లు తేలినది. మోటారుబండి కొనలేని సంసారములలో పెక్కింటికి అదియే వాహనము. కనుక ఈ ప్రశ్న కొద్దిమంది వేడుకకు సంబంధించినది కాదు.

ప్రశ్న క్రొత్తదియు కాదు. గొలుసుతో నడచుచు, రెండు చక్రములును ఇంచుమించు సమానముగా నుండు నేటి రూపము 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ నిర్మించిన రోవర్ సైకిలుతో స్థిరపడెను. 1888లో డన్లప్ గాలిటైరుకు పేటెంటు పొందిన పిమ్మట పదేండ్లు తిరుగకుండ ఐరోపా, అమెరికా ఖండములలో సైకిళ్లు వెల్లువగా వ్యాపించినవి. ఆ సైకిళ్లతో జనులు రైలు స్టేషనులకు వచ్చి నిలువబడిరి. అప్పుడు రైల్వే కంపెనీలకు ఒక ధర్మసందేహము పుట్టెను: ఇది ప్రయాణికుని వెంట వచ్చు సామానా, లేక వేఱుగా కిరాయి చెల్లింపవలసిన సరకా? సామానయినచో పెట్టె బేడలతో సమానము. సరకయినచో ధాన్యపు బస్తాలతో సమానము. ఈ సందేహమును శాసనముతో తీర్చిన కీర్తి న్యూయార్కు రాష్ట్రమునకు దక్కినది. 1896లో అచ్చటి శాసనసభ సైకిలు ప్రయాణికుని సామానే యని నిర్ణయించుటయే కాక, దానిని పెట్టెలో బిగించి గాని గుడ్డ చుట్టి గాని తేవలెనని ప్రయాణికుని నిర్బంధింపరాదని కూడ విధించెను. గోనెపట్టా చుట్టుటకై గంటసేపు పార్సిలాఫీసు ముంగిట కూర్చుండిన నాకు, నూఱేండ్లకు పూర్వమే ఆ రెండవ విధిని చేర్చిన వారి లోకజ్ఞానము మిక్కిలి గౌరవింపదగినదిగా తోచును. సైకిలు యజమానుని బాధ కిరాయిలో లేదు. కట్టుటయందును విప్పుటయందును ఉన్నది.

బ్రిటనులో శాసనముకంటె ఆచారమే ఎక్కువ పని చేసెను. 1878లో ఏర్పడిన సైకిలు యాత్రికుల సంఘము రైల్వే కంపెనీలతో కిరాయిలను గూర్చి సంప్రదింపులు సాగించినది. గార్డు వ్యానులో గోడకు చేరవేసిన సైకిళ్లు ఆ దేశపు రైళ్లలో చిరపరిచిత దృశ్యమయ్యెను. కాని ఆ సౌకర్యము ఎవరును తలపెట్టి కల్పించినది కాదు, గార్డు వ్యాను విశాలముగా నుండుటచేత దానంతట ఏర్పడినది. కనుకనే 1980 దశకమున వ్యాను లేని చిన్న డీజిలు బండ్లు వచ్చుటతో ఆ చోటు దానంతటనే మాయమై, బండికి రెండు మూడు సైకిళ్లకు మించి స్థలము లేని స్థితి యేర్పడెను. మన దేశమునను ఇంచుమించు ఇట్లే జరుగుచున్నది గనుక ఈ ముచ్చట జ్ఞప్తియం దుంచుకొనదగినది.

మన రైల్వే నిబంధనలను చదివినచో సైకిలునకు నిషేధము ఎచ్చటను కానరాదు. స్లీపరు తరగతివారికి 40 కిలోలు, రెండవ తరగతివారికి 35 కిలోలు ఉచితముగా తీసికొనిపోవు హక్కు కలదు. సాధారణమైన సైకిలు బరువు ఇరువది కిలోలకు అటు నిటు. తూకములో నది సులభముగా ఇముడును. కాని పెట్టెలోనికి తెచ్చుకొను సామాను 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు మించరాదని మఱియొక నియమము. సైకిలు పొడవు దీనికి ఇంచుమించు రెట్టింపు. అదియు గాక సైకిలు, స్కూటరు మొదలగు వానికి ఉచితపు తూకము వర్తింపదని స్పష్టముగా చెప్పబడినది. కావున దానిని లగేజిగా బుక్ చేసి, బండి కదలుటకు కనీసము అరగంట ముందుగా లగేజి ఆఫీసులో అప్పగింపవలెను. బుక్ చేయక పెట్టెలోనికి తెచ్చి పట్టుబడినచో ఆఱు రెట్ల కిరాయి వసూలు చేయుదురు.

ఇచ్చట లగేజికిని పార్సిలుకును గల భేదమును ఎఱుగుట అవసరము, ఎఱుగనివారు మోసపోవుదురు. టిక్కెట్టు చూపి లగేజిగా వ్రాయించినది మన బండిలోనే రావలసినది. పార్సిలుగా వ్రాయించినది ఏ బండిలో చోటు దొరికిన ఆ బండిలో వచ్చునది. లగేజి కిరాయి పార్సిలు కిరాయికి మించుట ఈ తోడురాకకై చెల్లించు మూల్యము. నిబంధన ఇంత చక్కగా నున్నను ఆచరణ వేఱు. ఒకానొక జంక్షనులో నేను సైకిలును లగేజిగా వ్రాయించి, రసీదు జేబులో నుంచుకొని, దిగవలసిన చోట దిగి గార్డు పెట్టె వద్దకు పోగా అందులో నా సైకిలు లేదు. హమాలీలు ఎక్కించు లోపల బండి కదలెనని తరువాత తెలిసెను. మూడవనాటి సాయంత్రము అది వచ్చినది. ముందుచక్రపు రిమ్ము వంగి, మడ్గార్డు నొక్కుకొనిపోయి యుండెను. పైని చేపల బుట్టలు పెట్టినారు కాబోలు, జీనుతోలు ఆఱు నెలల వఱకు ఆ వాసన వదలలేదు. ఎవరిని నిందింప గలము? వ్రాసిన గుమాస్తా ఒకడు, మోసిన హమాలీ ఒకడు, ఎక్కించుకొనవలసిన గార్డు ఒకడు, దింపవలసిన పోర్టరు వేఱొకడు. నలుగురి చేతులు మాఱు వస్తువునకు యజమాని చేయి ఎచ్చటను తగులదు. ఈ సమస్యకు మూలము నాకు ఇచ్చట కనబడుచున్నది. సైకిలు ఎవరో ఎక్కింపవలసిన మూట కాదు. తన యజమాని చేతిలో తానే నడచి వచ్చు వస్తువు. దానిని మూటగా మార్చి, నడచు గుణమును పోగొట్టి, ఆపైన మోయుటకు మనుష్యులను పెట్టుచున్నాము.

ఆ మూటకైనను చోటు నానాటికి తఱుగుచున్నది. ఇంజను లాగు బండ్లలో గార్డు గదిని, కొన్ని కూర్చుండు బల్లలను, సామానుగదులను కలిపి కట్టిన పెట్టెలను రైల్వేవారు ఎస్సెల్లార్ అందురు. ఆ సామానుగదులను నాలుగేసి టన్నుల లెక్కన వ్యాపారులకు ఏండ్ల తరబడి లీజుకిచ్చు పద్ధతి బలపడెను. చేపలు, పండ్లు, పూలు, పట్నపు సరకులు వానిని నింపివేయును. ప్రయాణికుని సైకిలునకు మిగులునది మిగిలిన మూల. పాసింజరుబండ్ల స్థానమున వచ్చిన మెమూ, డెమూ బండ్లలో ఆ ఎస్సెల్లార్ పెట్టెయే లేదు. 2019లో మొదలైన వందేభారత్ బండ్ల సంగతి చెప్ప నక్కఱలేదు. వేగము పెరిగినందుకు నేను సంతోషింతును. మెమూ వచ్చినందుకు మఱియు సంతోషింతును, అది బీదవాని బండి, త్వరగా కదలును, త్వరగా ఆగును. కాని చోటును తొలగించినవారు దానికి బదులు చోటెక్కడనో చెప్పి యుండవలసినది.

ఇతర దేశములలో ఈ చిక్కును విప్పిన ముఖ్య విధములు రెండు, వానిలో ఒకటి మనకు ఆకర్షకముగా కనబడును, రెండవది ఎక్కువ వివేకముతో కూడినదని చెప్పుదురు. మొదటిది డెన్మార్కు పద్ధతి. కోపెన్‌హేగన్ నగరపు స్థానిక రైళ్లలో 2010 నుండి సైకిలునకు కిరాయి పూర్తిగా తీసివేసిరి. తీసివేసి ఊరకుండక, పెట్టెలలో ఒకదానిని దీనికై సవరించి, ప్రక్కకు మడచు ఆసనములను అమర్చి, తలుపు మీద పెద్దదిగా సైకిలు గుర్తు వేసిరి. అందుచేత ఫ్లాటుఫారమున నిలిచినవాడు బండి రాకముందే తానెచ్చట నిలువవలెనో ఎఱుగును, పరుగులెత్త నక్కఱలేదు. రైళ్లలో సాగు సైకిళ్ల సంఖ్య కొద్ది సంవత్సరములలోనే అనేక రెట్లు పెరిగెను. రద్దీ గల నోర్రెపోర్ట్ స్టేషనులో మాత్రము ఆఫీసు వేళలయందు సైకిలుతో ఎక్కుట దిగుట నిషేధించిరి. ఒక్క స్టేషను, కొన్ని గంటలు. అంతకు మించిన అడ్డంకి లేదు.

రెండవది హాలండు పద్ధతి. సైకిళ్లకు పుట్టినిల్లువంటి ఆ దేశమున పనిదినములలో ఉదయము 6.30 నుండి 9 గంటల వఱకును, సాయంత్రము 4 నుండి 6.30 వఱకును మడచని సైకిలును రైలెక్కింపరాదని తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపడితిని. వారి తర్కము సూటిగా నున్నది: ఊరిలో ప్రతివాడును సైకిలెక్కువాడే, అందఱును వానితో రైలెక్కినచో రైలు చాలదు; కనుక సైకిలును స్టేషనులో విడిచి పొండు, దిగిన చోట మఱియొకటి అద్దెకు పుచ్చుకొనుడు. ఈ మాటను వారు మాటగా విడువలేదు. 2019 నాటికి యూట్రెక్టు స్టేషను క్రింద 12,500 సైకిళ్లు పట్టు శాల పూర్తియయ్యెను. 2003 నుండి స్టేషనులలో అద్దె సైకిళ్ల ఏర్పాటు కలదు. రైలు రెండు సైకిళ్ల నడుమ వంతెనవంటిది, సైకిలు రైలెక్క నేల?

మన పట్టణములలో ఆఫీసులకు పోవువారి విషయమున ఈ తర్కమునకు నేను తల యొగ్గుదును. తెనాలిలో ఎక్కి విజయవాడలో దిగు గుమాస్తాకు కావలసినది తెనాలి స్టేషనులో భద్రమైన స్టాండు, విజయవాడ స్టేషనులో అద్దె సైకిలు. కాని హాలండువారి లెక్కలో లేని మనుష్యులు మన బండ్లలో ఉన్నారు. కత్తులకు కత్తెరలకు సాన పట్టువాని సైకిలును చూడుడు: స్టాండు వేసి త్రొక్కినచో వెనుకచక్రము నుండి పోయిన పట్టీ ముందున్న సానరాతిని త్రిప్పును, అది వానికి వాహనము కాదు, కార్ఖానా. దుప్పట్లు అమ్మువాడు, గ్యాసుపొయ్యిలు బాగుచేయువాడు, పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చువాడు, వీరందఱికిని సైకిలు భుజములవంటిది. ఒక ఊరిలో పని అయిపోయిన తరువాత ముప్పది మైళ్ల అవతలి ఊరికి వీరు పోవలెను. వీరికి అద్దె సైకిలు పనికిరాదు, స్టాండు పనికిరాదు, పార్సిలు కిరాయి రోజుకూలిలో పెద్ద భాగమును మ్రింగివేయును. బొంబాయి, కలకత్తా నగరముల లోకల్ బండ్లలో బుట్టలు మోయు చిరువర్తకులకు ప్రత్యేకమైన పెట్టె భాగములున్నవి. జీవనోపాధికి సంబంధించిన సామాను వేఱు, విలాసపు సామాను వేఱు అను వివేకము మన రైల్వేకు అపరిచితమైనది కాదు. దానిని సైకిలు వఱకు పొడిగింపవలసి యున్నది.

ఇతర విధానములను త్వరగా దాటి పోవచ్చును. జపానులో చక్రములు విప్పి సంచిలో పెట్టి తెచ్చినచో కిరాయి లేదు. నేర్పు గల యువకులకు అది బాగు. జర్మనీలో అతివేగపు ఐసీఈ బండ్లు చాలకాలము సైకిలును రానీయక, 2017లో వచ్చిన నాల్గవ తరము బండిలో 8 సైకిళ్లకు స్థలము నిచ్చినవి. ఐరోపా సమాఖ్యవారి 2021 నాటి ప్రయాణికుల హక్కుల శాసనము, క్రొత్తగా కొను బండ్లలోను, పెద్దయెత్తున బాగుచేయు బండ్లలోను కనీసము నాలుగు సైకిళ్లకు చోటుండవలెనని నియమించినది. నాలుగు మిక్కిలి చిన్న సంఖ్యయే. కాని బండిని గీయు ఇంజనీరు కాగితము మీద ఆ నాలుగింటిని గీయక తప్పదు, శాసనపు బలమంతయు అందున్నది. మడచు సైకిలు ఈ సమస్యనంతను తీర్చునని కొందఱు వాదింతురు. ప్రసిద్ధమైన బ్రాంప్టన్ సైకిలు మడచినప్పుడు మన నిబంధన కొలతలలో ఇంచుమించుగా ఇముడును. దాని వెల లక్ష రూపాయలకు పైబడియున్నది. సాన పట్టువానికి ఆ మాట చెప్పగలమా?

మన దేశములోను చలనము లేకపోలేదు. కొచ్చి మెట్రోవారు 2020 నవంబరులో సైకిళ్లను కిరాయి లేకుండ అనుమతించిరి. బెంగళూరు మెట్రో 2022లో మడచు సైకిళ్లను మాత్రము అనుమతించినది. హైదరాబాదు వెలివలయ రహదారి ప్రక్కన 2023లో 23 కిలోమీటర్ల పొడవున, పైని సౌరఫలకముల నీడతో సైకిలుబాటను నిర్మించిరి. అది కన్నులపండువగా నున్నదనుటకు సందేహము లేదు. కాని ఆ బాట మీద సైకిలు త్రొక్కుటకై దానిని కారు వెనుక కట్టి తెచ్చువారిని చూచినప్పుడు, నగరము రెండవ కొసనుండు విద్యార్థి అచ్చటికి వచ్చు మార్గమేదియని మనసు ప్రశ్నించును.

ఇక ఆక్షేపణలు. వానిలో గట్టిది రద్దీ. నిలువ చోటులేని పెట్టెలో సైకిలేమిటి యని అడుగువాని కోపము న్యాయమైనది. పసిపిల్లను చంకనెత్తుకొన్న తల్లి చీరకు గొలుసు నూనె అంటినప్పుడు సైకిలు పక్షమున వాదింప నాకు నోరు రాదు. ఉత్తరదేశమున పాసింజరుబండ్ల కిటికీ చువ్వలకు పాలక్యాన్లను, సైకిళ్లను వెలుపల వ్రేలాడగట్టుట చిత్రములలో అందఱును చూచినదే. ఎదురు బండికి, సిగ్నలు స్తంభమునకు తగిలినచో అది ప్రాణాపాయము. కాని ఇవి సైకిలును నిరాకరింపుమని చెప్పుచున్నవా, చోటు చూపుమని చెప్పుచున్నవా? చోటులేని వస్తువే తలుపువద్దను, కిటికీవద్దను వ్రేలాడును. రెండవ ఆక్షేపణ ఎత్తు. మన స్టేషనులలో ఎత్తైన ఫ్లాటుఫారములు పట్టాలకు 76 నుండి 84 సెంటీమీటర్లు పైని ఉండగా, చిన్న స్టేషనులలో పెక్కు 45 సెంటీమీటర్లకు మించవు, కొన్నిచోట్ల నేలతో సమానము. పెట్టె నేల వీనికన్న ఎంతో పైనుండును. ఒంటరివాడు ఇరువది కిలోలను అంత యెత్తునకు నిమిషములో లేపుట కష్టమే. ఫ్లాటుఫారములను ఎత్తు చేయు పని ముసలివారి కొఱకు, అంగవికలుర కొఱకు ఎట్లును జరుగవలసినదే; సైకిలు దానివెంట లాభపడును.

నా కోరిక పెద్దది కాదు. ప్రతి మెమూ బండిలోను, ప్రతి పాసింజరులోను ఒక కొసనున్న పెట్టెలో ఒక ప్రక్క బల్లలు తీసివేసి, ఆఱు సైకిళ్లు పట్టునట్లు గోడకు కొక్కెములు బిగించి, తలుపుమీద దూరమునుండి కనబడు గుర్తు వేయవలెను. ఆ పెట్టె ఎచ్చట నిలుచునో ఫ్లాటుఫారమున గీత గీయవలెను. తూకము, దూరము, కొలత అను లెక్కలు లేక, మామూలు కిటికీలోనే పది రూపాయలకో ఇరువదికో ఒక చీటీ ఇయ్యవలెను. పెద్ద నగరముల చేరువ ఉదయము రెండు గంటలు, సాయంత్రము రెండు గంటలు ఆపిన ఆపవచ్చును. అన్నిటికన్న ముఖ్యముగా, ఎక్కించుటయు దించుటయు సైకిలు గలవానికే విడువవలెను. గోనెపట్టా, పురికొస, హమాలీ, రసీదు, మూడవనాటి నిరీక్షణ, ఇవన్నియు ఆ ఒక్క మార్పుతో తొలగిపోవును.

గత వేసవిలో విజయవాడ నుండి తెనాలి వైపు పోవు మెమూలో, తలుపు ప్రక్కన నిలువుగా నున్న ఇనుపకడ్డీకి తలపాగాతో సైకిలును కట్టి నిలుచున్న ఒక సాన పట్టువానిని చూచితిని. సానరాతికి తడిగుడ్డ చుట్టియున్నది. పెడళ్లు ఎవరికిని తగులకుండ లోపలికి త్రిప్పుకొని, బండి ఆగినప్పుడెల్ల “అమ్మా, జాగ్రత్తమ్మా, కొంగు” అని హెచ్చరించుచు, ఎక్కువారికి దిగువారికి దారి యిచ్చుటకై సైకిలుతో పాటు తానును గోడకు అతుక్కొనుచుండెను. చీటీ ఉన్నదా యని నే నడుగలేదు. కృష్ణా కెనాలు దాటినది, చిలువూరు దాటినది. దుగ్గిరాలలో బండి ఆగినంతనే అతడు తలపాగా ముడి విప్పి, ముందుచక్రమును లేపి, వెనుకచక్రమును మెట్టు మీదుగా నెమ్మదిగా దింపెను. ఎవరును సాయము పట్టలేదు, ఎవరి సాయమును కావలసి రాలేదు. బండి కదలునప్పటికి అతడు తలపాగా చుట్టుకొని, సైకిలెక్కి గేటు వైపు సాగిపోవుచుండెను.